అక్వేరియంలో ఎర్రాకు మొక్కలు: గోదారి నీళ్లలో ఎరుపు ఎందుకు నిలవదు

పశువుల మేత కోసం పెరట్లో టార్పాలిన్ పరిచిన గుంటలో అజొల్లా పెంచుతారు కదా, ఆ పచ్చటి పొర ఓ రోజు ఇటుక రంగులోకి తిరిగిందంటే రైతుకి కంగారు మొదలు, ఎండ మరీ ఎక్కువ తగులుతోందా, సూపర్ ఫాస్ఫేట్ వేసి ఎన్నాళ్లయింది, పైన కొబ్బరాకులు కప్పాలా అని లెక్కలేసుకుంటాడు. అదే ఊళ్లో రెండు వీధుల అవతల గాజు తొట్టిలో నీటి మొక్కలు పెంచుకునే కుర్రాడు మాత్రం తన రొటాలా అనే మొక్క ఎప్పుడు ఎర్రబడుతుందా అని పొద్దున్నే లేచి ఫోన్ టార్చ్ వేసి మరీ చూసుకుంటాడు. ఇద్దరూ చూస్తున్నది దాదాపు ఒకే సంగతి. మీద పడే వెలుతురుకీ, తను పెరగగలిగే వేగానికీ పొంతన కుదరనప్పుడు మొక్క ఎర్ర రంగు తయారుచేసుకుంటుంది, రైతు దాన్ని మొక్క ఇబ్బంది పడుతోందని చదువుకుంటాడు, అక్వేరియం వాళ్లు డబ్బులు పెట్టి మరీ ఆ ఇబ్బందే కావాలంటారు. ఈ ముక్క బుర్రకెక్కితే ఎర్రాకు మొక్కల గురించి చలామణీలో ఉన్న సలహాల్లో సగం ఎందుకు పనిచెయ్యవో తెలిసిపోతుంది.

ఆ సలహాల్లో అన్నిటికన్నా పెద్దది ఐరన్ సీసా. భీమవరమైనా కాకినాడైనా రాజమండ్రైనా, అక్వేరియం షాపుకెళ్లి 'మొక్క ఎర్రబడట్లేదండీ' అంటే ముందు చేతిలో పెట్టేది అదే. రక్తం ఎర్రగా ఉండేది ఐరన్ వల్ల, తుప్పు ఎర్రగా ఉండేదీ ఐరన్ వల్లే, కాబట్టి ఆకు కూడా... అనే లెక్క వినడానికి బానే ఉంటుంది. కానీ ఈ ఆకుల్లో ఎరుపునిచ్చే పదార్థాల నిర్మాణంలో ఐరన్ లేదు. ఐరన్ కావాల్సింది పత్రహరితం తయారీకి, అంటే తమాషా ఏంటంటే అది పచ్చదనానికి పనికొచ్చే సరుకు. ఐరన్ తగ్గితే కొత్త చిగురు పాలిపోతుంది, ఈనెలు మాత్రం కాస్త పచ్చగా మిగులుతాయి, అలా పాలిపోయిన మొక్కకి ఐరన్ పడితే కోలుకుని తన అసలు రంగుకి వస్తుంది, ఆ అసలు రంగు ఎరుపైతే ఎర్రబడుతుంది, చూసినవాళ్లు ఐరన్ వల్లే ఎరుపొచ్చిందని ఊరంతా చెప్తారు. లోటు తీరాక ఆపైన ఎంత పోసినా అది మొక్కకి కాదు, పాచికి. ఆ మాటకొస్తే వానాకాలంలో గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఆ రంగులో చాలా భాగం కొట్టుకొచ్చే మట్టిలో ఉన్న ఐరన్ ఆక్సైడ్లదే, టన్నులకి టన్నులు సముద్రంలోకి పోతుంది, అయినా ఆ నీళ్లలో మునిగిన కాలవ గట్టు మొక్కలు దానివల్ల ఎర్రబడవు, ఎందుకంటే తుప్పు రూపంలో ఉన్న ఐరన్ని మొక్క వేరు పీల్చుకోలేదు. నీళ్లలో ఐరన్ ఉండటం వేరు, మొక్కకి అందటం వేరు, ఈ తేడా కిందకెళ్లాక మళ్లీ వస్తుంది.

మరి ఎరుపు ఎక్కడిది అంటే మామిడి చిగురు చూస్తే చాలు. లేతాకులో పత్రహరితం ఇంకా పూర్తిగా సిద్ధం కాదు, ఎండ మాత్రం ముదురాకు మీద పడినంతా పడుతుంది, వాడుకోలేని వెలుతురు లోపల పేరుకుంటే ఆకు దెబ్బతింటుంది, అందుకని ఆంథోసయనిన్ అనే రంగుని కణాల్లో నింపుకుని ఎండకి గొడుగు పట్టినట్టు అడ్డం పెట్టుకుంటుంది, ఆకు ముదిరి వెలుతురుని వాడుకునే శక్తి వచ్చాక గొడుగు తీసేస్తుంది, అప్పుడు పచ్చబడుతుంది. రావి చిగురూ ఇదే బాపతు. కడియం నర్సరీల్లో ఎండలో నిలబెట్టిన కోలియస్, క్రోటన్ మొక్కల రంగులు చూసి ముచ్చటపడి కొనుక్కెళ్లి హాల్లో సోఫా పక్కన పెట్టుకుంటే రెండు నెలలకి అది ఆకుపచ్చ మొక్క అయి కూర్చుంటుంది, నర్సరీ వాళ్లకి ఇది కొత్తేం కాదు. అక్వేరియంలో కూడా సూత్రం మారదు, కాకపోతే మధ్యలో నీళ్లు వచ్చి పడతాయి, గోల అంతా అక్కడే.

ఇంకోటి, ఏ మొక్క ఎంత ఎర్రబడగలదు అనేది ముందు దాని పుట్టుకలో ఉంటుంది. ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర ఒకే మడిలో పక్కపక్కన వేసి ఒకే బిందెతో నీళ్లు పోసినా తెల్ల గోంగూర కాడ ఎర్రబడదు. అక్వేరియం మొక్కల్లోనూ ఈ తేడా ఉంది. లుడ్విజియా పలుస్ట్రిస్‌లో 'సూపర్ రెడ్' అని అమ్మేది మామూలు లైట్లో కూడా చాలావరకు ఎర్రగానే ఉంటుంది, రొటాలా రోటుండిఫోలియా మాత్రం పరిస్థితిని బట్టి పచ్చ నుంచి నారింజ దాకా, నారింజ నుంచి ముదురు గులాబీ దాకా ఎటైనా పోతుంది, అందులోనే వియత్నాం నుంచి వచ్చిన 'హ్రా' అనే రకం మామూలు దానికంటే తొందరగా రంగు తిరుగుతుంది. కాబట్టి రెండు తొట్లలో ఎరుపు తేడా కనిపిస్తే ఎరువుల గురించి వాదించుకునే ముందు అసలు ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే మొక్కేనా అని చూసుకోవడం మంచిది, చాలా వాదనలు అక్కడే తేలిపోతాయి.

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సిన విషయం ఇంకోటుంది. అక్వేరియంలో కనిపించే ఎరుపంతా ఒకే పదార్థం కాదు. రొటాలా, అమ్మానియా మొక్కలు మన గోరింటాకు, దానిమ్మ ఉన్న కుటుంబంలోవే (గోరింటాకు చేతికిచ్చే ఎరుపు వేరే పదార్థంలెండి, చుట్టరికం మటుకు నిజం), వీటిలో, లుడ్విజియాలో ఉండేది ఆంథోసయనిన్. ఆల్టర్నాంథెరా రైనెకీ అని దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క ఉంది, అది సాక్షాత్తూ కాలవ గట్ల మీద దొరికే పొన్నగంటి కూరకి చెల్లెలు, ఈ రెండూ తోటకూర కుటుంబం. తోటకూర కుటుంబం మొక్కలు ఆంథోసయనిన్ తయారుచెయ్యవు, వాటి ఎరుపు బీటాలైన్ అనే వేరే పదార్థం, బీట్‌రూట్లో ఉండేదీ, ఎర్ర తోటకూర వండితే అన్నమంతా గులాబీ రంగు చేసేదీ అదే. ప్రకృతిలో ఈ రెండు రంగులూ ఒకే మొక్కలో కలిసి కనబడవు, ఏ కుటుంబానికి ఆ రంగే.

దీనివల్ల ఏం ఒరిగింది అంటే, ఒరిగింది. నైట్రేట్ తగ్గిస్తే మొక్కలు ఎర్రబడతాయి అనే కిటుకు ఒకటి బాగా పేరున్నది, అది కొందరికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కొందరికి మొక్కలే చచ్చిపోతాయి, ఇద్దరూ నిజమే చెప్తారు. పత్రహరితం ఒక్కో అణువులో నాలుగు నైట్రోజన్ పరమాణువులుంటాయి, మధ్యలో మెగ్నీషియం. నైట్రోజన్ అందకపోతే పత్రహరితం తగ్గుతుంది, కొత్త కణాలు కట్టడం నెమ్మదిస్తుంది, కానీ వెలుతురు పడుతూనే ఉంటుంది కాబట్టి చక్కెర తయారై మిగిలిపోతుంది, ఆ మిగులు చక్కెరే ఆంథోసయనిన్ తయారీకి తలుపు తీస్తుంది, ఆంథోసయనిన్లో నైట్రోజన్ అవసరమే లేదు, అంతా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. అంటే రొటాలాకి నైట్రేట్ కోత పెడితే పచ్చ తగ్గి ఎరుపు పెరుగుతుంది, రెండు వైపులా లాభం. బీటాలైన్లో మాత్రం నైట్రోజన్ ఉంటుంది. ఆల్టర్నాంథెరాకి అదే కోత పెడితే ఎరుపు పెరగకపోగా కిందాకులు చిల్లులు పడి రాలిపోతాయి, కొస చిన్నబోతుంది. రెండింటినీ ఒకే తొట్టిలో నాటి ఒకే వైద్యం చేసేవాళ్లు ఏదో ఒకదాని దగ్గర ఓడిపోవడం ఖాయం, కాబట్టి ముందే ఏదో ఒక వైపు తేల్చుకోవాలి. రొటాలా మీద మోజుంటే నైట్రేట్ 5 పీపీఎం (లీటరు నీటికి 5 మిల్లీగ్రాములు) చుట్టుపక్కల ఉంచి మిగతా పోషకాలు తగ్గకుండా చూసుకోవడం, పొన్నగంటి చెల్లెలు మీద మోజుంటే 10 నుంచి 20 దాకా ఉంచి వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ బలంగా ఇవ్వడం. ఫాస్ఫేట్‌కి కూడా కోత పెట్టి ఎరుపు రాబట్టాలని చూసేవాళ్లున్నారు గానీ అది కత్తి మీద సాము, అద్దం మీద గట్టిగా అంటుకునే పచ్చ చుక్కల పాచి ముందొస్తుంది, మొక్క తర్వాత.

ఇక వెలుతురు. మిట్టమధ్యాహ్నం డాబా మీద పడే ఎండ సుమారు 2000 మైక్రోమోల్స్ (మొక్క వాడుకోగల వెలుతురుని కొలిచే లెక్క) ఉంటే మొక్కల కోసమే పెట్టిన మంచి ప్లాంటెడ్ ట్యాంకులో అడుగున పడేది 100 ఉంటే గొప్ప, చేపల కోసం పెట్టిన మామూలు లైటుకి 20, 30 కూడా రాదు. ఆ 20లో రొటాలా బతుకుతుంది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెంచుకుంటూ పైకి సాగిపోతుంది, ఎర్రబడదు. దానికి గొడుగుతో పనేముంది మరి. అందుకే కొస మాత్రం లైటుకి దగ్గరైన చోట కాస్త గులాబీ రంగు తిరిగి కింద అంతా పచ్చగా ఉంటుంది.

కానీ వెలుతురులో ఇంకో మెలిక ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. బట్టల షాపులో చీర ఎంచుకున్నాక ఆడవాళ్లు దాన్ని గుమ్మం బయటికి తీసుకొచ్చి ఎండలో ఓసారి చూస్తారు చూడండి, అక్వేరియం వాళ్లకి ఆ తెలివి ఉండదు. ఆకు ఎర్రగా కనపడాలంటే లైటులో ఎరుపు భాగం ఉండాలి, ఆకు దాన్నే తిప్పి కొడుతుంది కాబట్టి. చవకరకం తెల్ల ఎల్ఈడీల్లో నీలం, పసుపు దండిగా ఉండి ముదురు ఎరుపు బాగా తక్కువుంటుంది, ఆ లైటు కింద నిజంగా ఎర్రగా ఉన్న ఆకు కూడా గోధుమ రంగులో మురికిగా కనిపిస్తుంది. అదే మొక్కని ఎరుపు, పచ్చ, నీలం విడివిడి చిప్స్ ఉన్న లైటు కిందకి మారిస్తే ఒక్క క్షణంలో, మొక్కలో ఏ మార్పూ లేకుండా, కుంకుమలా కనిపిస్తుంది. కాబట్టి లైటు మార్చిన సాయంత్రమే 'చూశారా రంగు' అని పెట్టే ఫొటోలు మొక్క గురించి ఏమీ చెప్పవు. అసలు రంగు చూడాలంటే ఒక కొస తుంచి కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడటమే. మొక్క నిజంగా రంగు పెంచుకోవడానికి మాత్రం నీలం కాంతి బాగా పనిచేస్తుంది, కనపడటానికి ఎరుపు కాంతి కావాలి, రెండు పనులూ చేసే లైటు కాస్త ఖరీదే.

వెలుతురు పెంచగానే పాచి పడుతుంది, పాచి పడగానే లైటు తగ్గిస్తారు, తగ్గించగానే ఎరుపు పోతుంది, చాలా తొట్లలో ఏడాది పొడుగునా నడిచే కథ ఇదే. దీన్ని దాటించేది కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ). గాలితో సమానంగా తేలిన నీళ్లలో అది అర పీపీఎం చిల్లర మాత్రమే ఉంటుంది, పైగా గాలిలో కంటే నీళ్లలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వెలుతురు దండిగా ఉండి ఇది లేకపోతే మొక్క చేతులు కట్టుకు కూర్చుంటుంది. సీఓటూ సిలిండర్ పెట్టి 30 పీపీఎం దగ్గర ఉంచితే లైటు పెంచడానికి ధైర్యం వస్తుంది. నిమ్మ ఉప్పు, వంటసోడాతో సీసాల్లో గ్యాస్ తయారుచేసే పద్ధతి చిన్న తొట్లకి సరిపోతుంది, బెల్లం నీళ్లలో ఈస్ట్ వేసే పద్ధతి మాత్రం మన వేసవిలో మొదట ఉరకలేసి తర్వాత తొందరగా చప్పబడిపోతుంది, నమ్మకం పెట్టుకోలేం.

ఇప్పుడు డెల్టా నీళ్ల సంగతికొద్దాం, ఎందుకంటే బయటివాళ్లు రాసిన సలహాలు ఇక్కడ బోల్తా కొట్టేది ఈ చోటే. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో చాలా ఊళ్లకి తాగునీరూ సాగునీరూ కాలవదే. గోదారి నీళ్లు కాస్త క్షారం వైపు ఉంటాయి, బైకార్బొనేట్లు మోస్తరుగా ఉంటాయి. వేసవిలో లాకులు దించి కాలవలు కట్టేశాక ఊరి మంచినీటి చెరువుల్లో నిలవున్న నీళ్లే దిక్కు, ఆ నీళ్లు ఎండకి ఇగిరేకొద్దీ ఉప్పులన్నీ చిక్కబడతాయి. ఇక సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, నోట్లో పోసుకుంటేనే తెలిసిపోతుంది. అంటే ఒకే ఇంట్లో ఒకే కుళాయి నుంచి వచ్చే నీళ్లు సంక్రాంతికి ఒకలా, ఉగాది దాటాక ఇంకోలా ఉంటాయి, జనవరిలో కుదిరిన రెసిపీ మే నెలలో కుదరదు.

దీన్ని కొలుచుకోవడానికి మాత్రం డెల్టాలో ఉన్నవాళ్లకున్న సౌకర్యం దేశంలో చాలామందికి లేదు. రొయ్యల చెరువులున్న ప్రతి సెంటర్‌లోనూ ఆక్వా ల్యాబ్ ఉంటుంది, చెరువు నీళ్లు సీసాలో పట్టుకెళ్తే పీహెచ్, సెలినిటీ, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా అన్నీ రాసిన కాగితం చేతికొస్తుంది. అక్వేరియం నీళ్లయినా కుళాయి నీళ్లయినా అదే పరీక్ష. ఆ కాగితం మీద టోటల్ ఆల్కలినిటీ అంకెని 18తో భాగిస్తే అక్వేరియం వాళ్లు 'కేహెచ్' అని పిలిచే అంకె వస్తుంది, నీళ్లలో బైకార్బొనేట్ ఎంతుందో చెప్పేది ఇదే, అంటే 180 ఉంటే కేహెచ్ 10. వేల రూపాయల లైటు కొనే ముందు ఈ కాగితం ఒకటి తెచ్చుకోవడం తెలివైన పని, రొయ్యల రైతు నీటి పరీక్ష లేకుండా సీడ్ వెయ్యడు కదా.

ఈ అంకెకి ఎరుపుకి సంబంధం ఏంటంటే, మళ్లీ ఐరన్ దగ్గరికే రావాలి. కేహెచ్ 4 ఉన్న నీళ్లలో సీఓటూ 30 పీపీఎం పెడితే పీహెచ్ 6.6 దగ్గరికి దిగుతుంది, కేహెచ్ 10 ఉన్న నీళ్లలో అంతే సీఓటూ పెట్టినా పీహెచ్ 7 దగ్గరే ఆగిపోతుంది, రాత్రి గ్యాస్ ఆపాక మళ్లీ 7.5 దాటిపోతుంది. చవకగా దొరికే ఐరన్ ఎరువు ఎక్కువగా ఈడీటీఏ రకం, అంటే ఐరన్ నీళ్లలో కరిగి ఉండేలా ఈడీటీఏ అనే పదార్థం దాన్ని పట్టుకుని ఉంటుంది, అది పీహెచ్ 6.5 పైన పట్టు వదలడం మొదలెడుతుంది, ఐరన్ విడిపోయి తుప్పు రూపంలోకి మారి అడుగున పడుతుంది, గోదారి ఎర్రనీటి సంగతే తొట్టిలో చిన్న ఎత్తున జరుగుతుంది అన్నమాట. చిగురు పాలిపోతుంది, షాపువాడు ఐరన్ చాలలేదు ఇంకా పొయ్యమంటాడు, పోస్తారు, పాచి పడుతుంది. ఇలాంటి నీళ్లకి డీటీపీఏ రకం ఐరన్ వాడాలి, అది 7.5 దాకా నిలుస్తుంది, వారానికి రెండు మూడు సార్లు 0.1 పీపీఎం చొప్పున వేసినా సరిపోతుంది. ఎరువుల షాపుల్లో ఈడీడీహెచ్ఏ అని ఇంకో రకం దొరుకుతుంది, ఎంత క్షారం నీళ్లలోనైనా చెక్కుచెదరదు, కాకపోతే దాని సొంత రంగు ఎరుపు, కాస్త ఎక్కువైతే నీళ్లన్నీ రూహఫ్జా కలిపినట్టు అవుతాయి, ఆకులు మాత్రం ఎప్పట్లాగే ఉంటాయి.

కేహెచ్ తగ్గించుకోవడానికి సులువైన దారి ఊరూరా ఉన్న ఆర్ఓ ప్లాంటు. 20 లీటర్ల టిన్ను తెచ్చి కుళాయి నీళ్లతో సగం సగం కలిపితే కేహెచ్ కూడా ఇంచుమించు సగమవుతుంది. వానాకాలంలో అయితే డాబా మీద మొదటి రెండు వానలు కడిగేశాక పట్టుకున్న వాన నీళ్లు ఇంకా మేలు, పైసా ఖర్చులేదు. ఉత్త ఆర్ఓ నీళ్లే పొయ్యడం మాత్రం పొరపాటు, కాల్షియం, మెగ్నీషియం లేక చిగుళ్లు మెలితిరుగుతాయి. బాదం ఆకులు వేస్తే నీళ్లు మెత్తబడతాయని నమ్మేవాళ్లు చాలామంది, చేపలకి మంచిదే, పీహెచ్ కొద్దిగా దిగుతుంది కూడా, కానీ బైకార్బొనేట్ దండిగా ఉన్న నీళ్లని బాదం ఆకు ఏమీ చెయ్యలేదు, పైగా నీళ్లు టీ రంగులోకి మారి వెలుతురు తగ్గుతుంది, ఎర్రాకు తొట్టికి అది ఎదురు పని.

అన్నిటికన్నా మొండి సమస్య వేడి. ఈ మొక్కల్లో ఎక్కువ భాగం 22 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 32, 33 దాకా పోతాయి. వేడి పెరిగేకొద్దీ మొక్క శ్వాస పెరిగి పగలు తయారుచేసిన చక్కెరని రాత్రికే కరిగించేస్తుంది, మిగులు లేనిచోట ఆంథోసయనిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది, పైగా వేడి ఆ రంగు తయారీని నేరుగా కూడా అణిచేస్తుంది, వెచ్చటి చోట పండిన యాపిల్‌కి రంగు సరిగ్గా రాకపోవడానికి ఇదే కారణం. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ కూడా తక్కువ పడుతుంది, ఆ టైంలో సీఓటూ శీతాకాలంలో పెట్టినంతే పెడితే తెల్లారేసరికి, చెరువుల దగ్గర 'చేప తేలింది' అంటారు చూశారా, అదే తొట్టిలో కనపడుతుంది. నీటి పైన చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ అది ఆవిరి మీద ఆధారపడ్డ పని, పొడి గాలి ఉన్న రోజున రాజమండ్రిలో పనిచేసినంత బాగా ఉక్కపోత పోసే అంతర్వేది వైపు పనిచెయ్యదు. దానికి తోడు కరెంటు కోతలు.

కాబట్టి డెల్టాలో ఎరుపుకి ఒక సీజన్ ఉందని ఒప్పుకోవడం మంచిది, పూతరేకులకి లేకపోవచ్చు గానీ దీనికుంది. దసరా దాటాక నాటితే కార్తీకం చలి మొదలయ్యేసరికి వేళ్లు పట్టుకుంటాయి, డిసెంబర్, జనవరిల్లో నీళ్లు 23, 24 దగ్గరుంటాయి, అప్పుడు పెద్దగా ఏమీ చెయ్యకుండానే రంగు తిరుగుతుంది. చాలామంది తాము నవంబర్లో మార్చిన ఎరువు వల్లే ఎరుపొచ్చిందని అనుకుంటారు, అసలు వచ్చింది చలి. మార్చి నుంచి లైటు ఎనిమిది గంటల నుంచి ఆరుకి తగ్గించి, సీఓటూ కాస్త తగ్గించి, మొక్కని బతికించుకుంటే చాలు, ఎరుపు కోసం పట్టుబడితే మొక్కే పోతుంది.

మొక్కల ఎంపిక కూడా దీన్ని బట్టే ఉండాలి. రొటాలా మాక్రాండ్రా మన దక్షిణాది మొక్కే, పడమటి కనుమల వైపుది, చూడటానికి దాన్ని మించింది లేదు, కానీ మెత్తటి నీళ్లు, చల్లదనం అడుగుతుంది, కేహెచ్ 10 నీళ్లలో నిలవడం కష్టం. రొటాలా వల్లిచీ, ఎర్ర కబొంబా కూడా ఇదే కోవ. గట్టి నీళ్లకి ఓర్చుకునేవి లుడ్విజియా రెపెన్స్, లుడ్విజియా సూపర్ రెడ్, ఆల్టర్నాంథెరా రైనెకీ. శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకోరైన్ వెండ్టీ గోధుమ రంగు రకం వేడికీ గట్టి నీళ్లకీ దేనికీ బెదరదు, నిప్పులాంటి ఎరుపు రాదు గానీ రాగి రంగు వస్తుంది, సీఓటూ లేకపోయినా బతుకుతుంది, మొదటిసారి పెంచేవాళ్లు దీనితోనో ఎర్ర టైగర్ లోటస్‌తోనో మొదలెట్టడం న్యాయం. ఆ లోటస్ దుంప నుంచి వస్తుంది, కలువ జాతే, పైకి తేలే ఆకులు వచ్చినవి వచ్చినట్టు తుంచేస్తుంటే నీటి లోపల ఎర్రటి ఆకులు గుబురుగా వస్తాయి.

ఒక మోసం గురించి కూడా చెప్పుకోవాలి. షాపుల్లో మంచి ఎరుపుతో నిగనిగలాడుతూ తక్కువ ధరకి దొరికేవాటిలో కొన్ని అసలు నీటి మొక్కలే కావు. ఊదా రంగు ముడతల ఆకుల హెమిగ్రాఫిస్, కార్డిలైన్, ఎర్ర పొన్నగంటి, ఇవన్నీ గట్టు మీద మొక్కలు, నీళ్లలో ముంచితే నెలా రెండు నెలలు దాచుకున్న శక్తితో నిలబడి తర్వాత కుళ్లుతాయి. నీళ్లలోంచి పైకి తీసి పట్టుకుంటే కాడ నిటారుగా, ఆకు మైనం పూసినట్టు గట్టిగా ఉంటే అనుమానించాలి. అయితే నిజమైన నీటి మొక్కల్ని కూడా నర్సరీలు గాలిలోనే పెంచి అమ్ముతాయి కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు, పేరు తెలుసుకోవడమే అసలు మందు. గాలిలో పెరిగిన రొటాలా గుండ్రటి పచ్చటి ఆకులతో వస్తుంది, నీళ్లలో పెట్టాక ఆ ఆకులు పోయి సన్నటివి కొత్తవి వస్తాయి, రంగు చూడాల్సింది వాటిలో. వరి చేలల్లో కలుపుగా పీకి పారేసే మొక్కల్లోనే రొటాలా, అమ్మానియా, లుడ్విజియా జాతులవి ఉంటాయి, కాడ ఎర్రగా ఉన్నది చూసి తెచ్చి నాటి చూసేవాళ్లున్నారు, కొన్ని కుదురుకుంటాయి, కాకపోతే కలుపుమందు కొట్టని చేను చూసుకోవాలి.

ఎరువులకి అక్వేరియం సీసాలే కొనక్కర్లేదు. పైరు మీద పిచికారీకి అమ్మే 13-0-45 అంటే పొటాషియం నైట్రేటే, 100 లీటర్ల నీళ్లలో 1 గ్రాము వేస్తే నైట్రేట్ సుమారు 6 పీపీఎం, పొటాషియం 4 దాకా పెరుగుతాయి. 0-52-34 అయితే అదే 100 లీటర్లకి 0.1 గ్రాముకే ఫాస్ఫేట్ 0.7 పీపీఎం వస్తుంది, అందుకని వంటింటి చెంచాలతో కాకుండా చిన్న డిజిటల్ కాటాతో తూయాలి. యూరియా, డీఏపీ దగ్గరికి మాత్రం పోకూడదు, అమ్మోనియా వచ్చి చేపలు పోతాయి. అడుగున ఖరీదైన ఆక్వాసాయిల్ బదులు ఒండ్రు మట్టి రెండు మూడు సెంటీమీటర్లు పరిచి పైన కడిగిన గోదారి ఇసుక వేసినా క్రిప్టోకోరైన్లకీ లోటస్‌కీ బాగానే ఉంటుంది, ఆ మట్టి రొయ్యల చెరువు పక్కది కాకుండా ఉంటే చాలు, అందులో ఉప్పు ఉంటుంది. సముద్రపు ఇసుకైతే గవ్వల పొడి ఉంటుంది, వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తే పక్కన పెట్టాలి.

ఇంత చేసినా కొన్ని తొట్లలో ఎరుపు పేలవంగానే ఉంటుంది, దానికి కారణం చాలాసార్లు నాటిన తీరు. తొట్టి నిండా ఎర్ర మొక్కలే నాటితే కంటికి ఏదీ ఎర్రగా అనిపించదు, డచ్ పద్ధతి తొట్లలో పచ్చటి గుబుర్ల మధ్య ఒకటో రెండో ఎర్ర గుంపులు మాత్రమే పెట్టేది ఇందుకే. కాడ మొక్కల్లో పై కొసలకే రంగు కాబట్టి కిందకి కత్తిరించి వదిలేయకుండా కొసలు తుంచి మళ్లీ దగ్గరదగ్గరగా నాటి పాత మోళ్లు పీకెయ్యాలి, కత్తిరించిన పది రోజులు పచ్చగానే ఉంటుంది, కంగారు పడి ఎరువులు మార్చకూడదు. ఆకు అంచుల మీద నల్లటి కుచ్చుల్లా పట్టే పాచి వస్తే సీఓటూ నిలకడగా లేదని అర్థం, తమాషాగా అది శాస్త్రం ప్రకారం ఎర్ర నాచు జాతిది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పడి చచ్చేటప్పుడు నిజంగానే ఎర్రబడుతుంది.

తుంచిన కొసలు, పీకిన మోళ్లు మిగిలిపోతే కాలవలో పారెయ్యడం ఇక్కడ చాలామందికి అలవాటు, నీటి మొక్కే కదా నీళ్లలోనే పోనీ అని. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు బాగుందని ఎక్కడి నుంచో తెచ్చుకున్న మొక్కే, ఇప్పుడు దాన్ని తీయించడానికి ప్రతి వేసవిలో కాలవల్లో పొక్లెయిన్లు దిగుతున్నాయి. కబొంబా, లుడ్విజియా, ఆల్టర్నాంథెరా ముక్క ఒక్క కణుపున్నా చాలు వేరు పోసుకుంటుంది. డాబా మీద రెండు రోజులు ఎండలో పడేస్తే గలగలలాడతాయి, ఆ తర్వాత కొబ్బరి చెట్టు మొదట్లో వేసుకోవచ్చు.